స్కీల బేరం కన్నా జాకెట్ నాణ్యత మిన్న

జంషెడ్‌పూర్‌లోని సీతారాండేరా వంటి బస్తీలో వాటర్ స్కీయింగ్ సామగ్రి చౌకగా ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న తలెత్తడం కొందరికి వింతగా తోచవచ్చు. ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని తరాల క్రితమే తరలివచ్చిన తెలుగు కుటుంబాలకు ఈ నగరం కొత్తది కాదు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరమే అందుకు సాక్ష్యం. ఆ తరాలవారికి జీతం, ఇల్లు, పిల్లల చదువు మాత్రమే లెక్కలోకి వచ్చేవి. నేటి యువతరం వాటికి తోడు క్రీడలను, సాహసాన్నీ కోరుకుంటున్నది. ఆ కోరికలో తప్పేమీ లేదు. అయితే చౌక అన్న మాటకు అర్థమేమిటో తేల్చుకోకుండా బజారుకు వెళితే సొమ్ము వృథా కావడమే కాక, ప్రాణానికే ముప్పు వాటిల్లవచ్చు.

వాటర్ స్కీయింగ్ పుట్టుకలోనే పొదుపు ఉన్నది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రానికి చెందిన రాల్ఫ్ శామ్యూల్‌సన్ అనే యువకుడు 1922లో పెపిన్ సరస్సుపై రెండు పైన్ చెక్కలతో తొలిసారిగా ఈ విన్యాసం సాధించాడు. చెక్కల కొసలను మరిగే నీటిలో నానబెట్టి పైకి వంచాడు. పాదాలు నిలవడానికి తోలు పట్టీలు బిగించాడు. 1946లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఇది ప్రదర్శన క్రీడగా చోటు చేసుకున్నది. వడ్రంగి పనితో మొదలైన క్రీడకు నేడు ఫైబర్‌గ్లాస్, కార్బన్ ఫైబర్ స్కీలు వచ్చాయి. కానెలీ, రాడార్ వంటి పేర్లకన్నా కొనుగోలుదారు తెలుసుకోవలసింది ఒక్కటే: పేరున్న తయారీదారులు దాదాపు అందరూ విదేశీయులే. మన క్రీడా సామగ్రి పరిశ్రమకు కేంద్రాలైన జలంధర్, మీరట్ పట్టణాల పేరు ప్రధానంగా క్రికెట్, ఫుట్‌బాల్, హాకీ, వ్యాయామ సామగ్రితో ముడిపడి ఉన్నది. అందువల్ల సాక్చి బజారులోనో, బిష్టుపూర్ దుకాణాలలోనో క్రికెట్ బ్యాటు దొరికినంత సులువుగా స్కీల జత దొరుకుతుందని ఆశించరాదు.

దిగుమతి అనగానే సుంకాల లెక్క ముందుకు వస్తుంది. 2018 కేంద్ర బడ్జెట్ ఈ తరహా క్రీడా సామగ్రిపై కస్టమ్స్ సుంకాన్ని 10 శాతం నుంచి 20 శాతానికి పెంచింది. ఆ సుంకంపై మరో 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జీ పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చిన జీఎస్టీ సవరణలు క్రీడా సామగ్రిపై పన్నును 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించాయి. ఈ రేట్ల ప్రకారం, రవాణాతో కలిపి 30,000 రూపాయల విలువ గల స్కీల జతను ఒక వ్యాపారి దిగుమతి చేసుకున్నాడనుకుంటే, సుంకం 6,000, సర్‌చార్జీ 600, ఆ మొత్తంపై జీఎస్టీ 1,830 రూపాయలు అవుతాయి. వ్యాపారి లాభం కలపకముందే ధర 38,430 రూపాయలకు చేరుతుంది. పాత జీఎస్టీ రేటు ప్రకారం ఇది 40,992 అయ్యేది. అంటే పన్ను తగ్గింపు వల్ల మిగిలినది 2,562 రూపాయలు మాత్రమే.

ఇంతవరకు కథ బాగానే ఉన్నది. అయితే స్కీలు తమంతట తాము నడవవు. నేర్చుకునే మనిషిని నీటిపై నిలబెట్టాలన్నా గంటకు సుమారు 30 నుంచి 40 కిలోమీటర్ల వేగంతో లాగే మోటారు బోటు కావాలి. అదే 2025 సవరణలలో విహార, క్రీడా నౌకలపై జీఎస్టీ 28 శాతం నుంచి 40 శాతానికి పెరిగింది. పది లక్షల రూపాయల బోటుపై పన్నే నాలుగు లక్షలు. చెక్కపై రెండువేల అయిదు వందలు తగ్గించి, ఆ చెక్కను లాగే పడవపై లక్షకు పైగా అదనంగా వసూలు చేయడం ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకోవడమే. కోటీశ్వరుల విలాస నౌకను, ఒక క్లబ్బు శిక్షణకు వాడే చిన్న మోటారు బోటును ఒకే గాటన కట్టడం సమంజసం కాదు. శిక్షణ సంస్థలకు, ప్రాణరక్షక పడవలకు వేరు రేటు విధించే అంశాన్ని జీఎస్టీ మండలి పరిశీలించాలి.

ఈ లెక్కలన్నీ చూపేది ఒకటే. ఒక కుటుంబం తనకోసం మాత్రమే స్కీలు కొనడం ఎంత తక్కువ ధరకు దొరికినా చౌక బేరం కాదు. ఏడాదిలో పది రోజులు కూడా వాడని వస్తువుకు 38,000 రూపాయలు వెచ్చించడం మధ్యతరగతి ఆదాయానికి తలకు మించిన భారం. అదే ఇరవై మంది కలిసి రెండు జతలు కొంటే, పై లెక్క ప్రకారం తలా 3,843 రూపాయలతో సరిపోతుంది. బోటు వెనుక ఒకసారికి ఒకరో ఇద్దరో మాత్రమే వెళతారు. మిగిలినవారు గట్టున వేచి ఉండక తప్పదు. కనుక ఉమ్మడి సామగ్రి వల్ల ఆటకు ఏ లోటూ రాదు. సీతారాండేరాలో పండుగలకు చందాలు వేసుకుని పందిళ్లు వేయగలిగిన సంఘాలకు ఇది అసాధ్యమైన పని కాదు.

ఉమ్మడిగా కొన్నా, విడిగా కొన్నా ఎంపికలో ఒక క్రమం పాటించాలి. మొదట లైఫ్ జాకెట్, ఆ తరువాత తాడు, చివరగా స్కీలు. సాధారణంగా జరిగేది దీనికి విరుద్ధం. మెరిసే స్కీలకు సొమ్మంతా పోసి, మిగిలిన చిల్లరతో జాకెట్ తీసుకుంటారు. దేశీయ విపణిలో లైఫ్ జాకెట్ పేరుతో కొన్ని వందల రూపాయల నుంచి కొన్ని వేల వరకు సరుకు దొరుకుతున్నది. వందల రూపాయల జాకెట్‌లో ఉన్నది నిజమైన తేలుడు నురుగో, దుకాణదారు నింపిన ప్యాకింగ్ స్పాంజో పైకి చూస్తే తెలియదు. అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 12402 ప్రకారం తేలుడు శక్తిని న్యూటన్లలో కొలుస్తారు. 50 న్యూటన్ల రకం ఈత వచ్చి, దగ్గరలో సాయం అందేవారికి ఉద్దేశించినది. ఈత రానివారికి 100 లేదా 150 న్యూటన్ల రకం అవసరం. స్కీయింగ్‌కు శరీరానికి హత్తుకుని ఉండే నురుగు జాకెట్ తగినది. గాలి నింపుకునే రకం ఇందుకు పనికిరాదు. దెబ్బ తగలకుండా కాపాడే 'ఇంపాక్ట్ వెస్ట్' అన్నింటికీ మనిషిని తేల్చే శక్తి ఉండదని కూడా గుర్తుంచుకోవాలి.

జాకెట్ ఎక్కడ కొనాలి? సీతారాండేరా వాసులకు సుమారు 250 కిలోమీటర్ల దూరంలోని కోల్‌కతా అందుబాటులో ఉన్న పెద్ద విపణి. ఎస్ప్లనేడ్ వద్ద ఉన్న మైదాన్ మార్కెట్ క్రీడా సామగ్రికి పేరు పొందినది. ఇక రేవు పట్టణాలైన కోల్‌కతా, విశాఖపట్నాలలో ఓడలకు సామగ్రి సరఫరా చేసే వర్తకుల వద్ద ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ ఆమోదం పొందిన జాకెట్లను అడిగి తీసుకోవచ్చు. సొంత ఊళ్లకు రాకపోకలు సాగించే తెలుగు కుటుంబాలకు విశాఖ దారి కొత్త కాదు. ఓడ జాకెట్లు లావుగా ఉంటాయి గనుక స్కీయింగ్ చేసేవారికి నప్పవు. పడవలో కూర్చునేవారికి మాత్రం అవే మేలు. కొన్న తరువాత జాకెట్‌ను తొడిగి, పట్టీలు బిగించి, భుజాల వద్ద పట్టుకుని పైకి లాగి చూడాలి. అది గడ్డం దాటి పైకి వస్తే కొలత సరిపోలేదని అర్థం. ఆ పైన లోతు తక్కువ నీటిలో, పక్కన మనిషిని ఉంచుకుని తేలి చూడాలి.

స్కీల విషయంలో పాత సరుకు తీసుకోవడం నామోషీ కాదు. అమెరికా, ఐరోపాలలో వేసవి ముగిసే సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో గత ఏడాది నమూనాలను తగ్గింపు ధరకు అమ్ముతారు. విదేశాలలో బంధువులున్నవారు ఆ సమయం చూసుకోవడం లాభదాయకం. గోవా వంటి చోట్ల వానాకాలంలో సముద్ర క్రీడలు నిలిచిపోతాయి. పాత సామగ్రి గురించి నిర్వాహకులను విచారించడానికి అది అనువైన సమయం. నేర్చుకునేవారికి వెడల్పైన రెండు స్కీల జత చాలు, ఒంటి స్కీ జోలికి పోనక్కరలేదు. పొరలు విడిపోయాయా, పాదం దూర్చే రబ్బరు పగిలిందా, అడుగున ఉన్న రెక్క కదులుతున్నదా అని పరీక్షించాలి. తాడు సాధారణంగా 75 అడుగులు ఉంటుంది. ఎండకు పెళుసెక్కిన తాడును ఉచితంగా ఇచ్చినా తీసుకోరాదు. తెగిన తాడు బోటు వైపో, మనిషి వైపో కొరడాలా దూసుకువస్తుంది. జాకెట్‌ను మాత్రం పాతది కొనకపోవడమే శ్రేయస్కరం. ఏళ్లు గడిచేకొద్దీ నురుగు తేలుడు శక్తిని కోల్పోతుంది.

ప్రాణరక్షణ సామగ్రి విలువ తెలుగువారికి ఎవరూ బోధించనక్కరలేదు. 2017 నవంబరు 12న విజయవాడ సమీపాన కృష్ణా నదిలో పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద జరిగిన ప్రమాదంలో దాదాపు 50 మంది ప్రాణాలు కోల్పోయారు. అవి ప్రయాణికుల పడవలే గాని క్రీడా పడవలు కావన్నది నిజం. కానీ నీటికి ఆ తేడా తెలియదు. కచ్చులూరులో బయటపడినవారిలో పలువురు లైఫ్ జాకెట్లు ధరించినవారేనన్న విషయం నాటి వార్తలలోనే వెల్లడైంది.

స్కీలు, జాకెట్లు సమకూరినా నీరెక్కడ అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. సువర్ణరేఖ నది వానాకాలంలో ఉరకలు వేస్తుంది, వేసవిలో రాళ్లు తేలుతాయి. రెండు కాలాలలోనూ స్కీయింగ్‌కు అది తగదు. దళ్మా కొండల పాదాన, నగరానికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలో ఉన్న డిమ్నా జలాశయం పేరు వాటర్ స్కీయింగ్‌కు సంబంధించిన పర్యాటక ప్రచారంలో తరచు వినబడుతుంది. టాటా ఉక్కు సంస్థ 1940 దశకంలో నిర్మించిన ఈ జలాశయం ప్రధానోద్దేశం నగర నీటి అవసరాలు తీర్చడం. తాగే నీటిలో పెట్రోలు, నూనె తెట్టు కట్టే పరిస్థితిని ఎవరూ హర్షించరు. చాండిల్ జలాశయం విశాలమైనదే గాని, అక్కడ భూములు కోల్పోయిన నిర్వాసితులు సహకార సంఘాలుగా చేపల పెంపకం సాగిస్తున్నారు. వారి వలల మీదుగా వేగపు పడవలు నడపడం న్యాయం కాదు.

స్వచ్ఛత, భద్రతల మధ్య పొత్తు కుదర్చకపోతే ఏమవుతుందో కోల్‌కతా చూపింది. 2022 మే నెలలో రవీంద్ర సరోవర్‌లో గాలివానకు రోయింగ్ పడవ బోల్తాపడి ఇద్దరు విద్యార్థులు మృతి చెందారు. పర్యావరణ ఆంక్షల దృష్ట్యా ఇంధనంతో నడిచే రక్షక పడవలు అక్కడ లేకపోవడం అప్పట్లో తీవ్ర చర్చనీయాంశమైంది. నీటిని కాపాడాలన్న నియమం మంచిదే. దానికి ప్రత్యామ్నాయంగా విద్యుత్ పడవను ఏర్పాటు చేయకపోవడమే లోపం. స్కీయింగ్‌కు సైతం అటువంటి ప్రత్యామ్నాయం లేకపోలేదు. జర్మన్ ఇంజనీరు బ్రూనో రిక్సెన్ 1960 దశకంలో రూపొందించిన కేబుల్ పద్ధతిలో స్తంభాల మధ్య తిరిగే తీగ మనిషిని లాగుతుంది. విద్యుత్తుతో నడిచే ఈ ఏర్పాటులో లాగే బోటు అక్కరలేదు, నీటిలో నూనె చుక్క పడదు, 40 శాతం పన్ను బెడదా ఉండదు.

ఇంత ఖర్చుతో కూడిన ఆట ధనికుల విలాసమే కదా, పేదల బస్తీలకు దీని ఊసెందుకన్న విమర్శ రావచ్చు. అందులో కొంత సత్యం లేకపోలేదు. అయితే పర్వతారోహణ కూడా ఒకనాడు అటువంటిదే. 1984లో ఎవరెస్టు ఎక్కిన బచేంద్రీ పాల్ సారథ్యంలో అదే ఏడాది ప్రారంభమైన టాటా స్టీల్ సాహస సంస్థ సామాన్య కుటుంబాల యువతీ యువకులకు కొండల దారి చూపింది. సామగ్రి సంస్థది, శిక్షణ నిపుణులది, శ్రమ యువతరానిది. ఈ సూత్రమే నీటి క్రీడలకూ వర్తిస్తుంది. కేంద్ర పర్యాటక శాఖ ఆధ్వర్యాన 1990లో గోవాలో ఏర్పడిన జాతీయ జలక్రీడల సంస్థ బోటు నడపడంలో, ప్రాణరక్షణలో శిక్షణ ఇస్తున్నది. సీతారాండేరా వంటి బస్తీల నుంచి ఇద్దరు ముగ్గురు యువకులు అక్కడ తర్ఫీదు పొంది రావడానికి అయ్యే ఖర్చు, పదిమంది విడివిడిగా కొనే స్కీల ఖర్చుకన్నా ఎక్కువ ఫలితమిస్తుంది.

కనుక చౌక ఎక్కడ అన్న ప్రశ్నకు జవాబు ఏ ఒక్క దుకాణంలోనూ లేదు. ఈత నేర్చుకోవడంలో, నిఖార్సైన జాకెట్‌కు బేరమాడకపోవడంలో, స్కీలను ఉమ్మడిగా కొనడంలో, బోటు భారాన్ని సంస్థలకు వదలడంలో ఉన్నది. బస్తీ సంఘాలు, పరిశ్రమ యాజమాన్యాలు, ఝార్ఖండ్ పర్యాటక శాఖ కలిసి తాగునీటికి, జాలరుల జీవికకు హాని లేని ఒక చోటును గుర్తించి, ఉమ్మడి సామగ్రి కేంద్రాన్ని నెలకొల్పడం తక్షణ కర్తవ్యం. అంతవరకు చేతిలో ఉన్న సొమ్ముతో మొదట జాకెట్ కొనుక్కున్నవాడే తెలివైన కొనుగోలుదారు. స్కీలు వచ్చే ఏడాదైనా కొనుక్కోవచ్చు.