జ్వరం వచ్చిందని ఈ పిల్లల్ని పస్తు పెట్టకండి

వానలు మొదలయ్యాయి. ఇంటింటా జ్వరాలు, వాంతులు. ‘లంఖణం పరమౌషధం’ అని పెద్దవాళ్లు అనే రోజులివి. పుట్టుకతో జీవక్రియ లోపం ఉన్న పిల్లల విషయంలో దయచేసి ఆ మాట వినకండి. లంఖణం వాళ్ల ప్రాణం తీయొచ్చు.

మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్ సంగతే చూడండి. పప్పు, పాలు, గుడ్డు, చివరికి అన్నంలోనూ ఉండే మాంసకృత్తుల్లో లూసిన్ ఉంటుంది. దాన్ని విడగొట్టడానికి కావలసిన ఎంజైము ఈ పిల్లల్లో సరిగా పనిచేయదు. అందుకే లూసిన్ లేని ప్రత్యేక పాలపొడి, గ్రాముల్లో తూచిన అన్నం పెట్టి పెంచుతారు. ఇంత చేసినా, జ్వరమొచ్చి తిండి మానేస్తే శరీరం శక్తి కోసం తన కండనే కరిగించుకుంటుంది. ఆ కండలోనూ లూసిన్ ఉంది. అది రక్తంలో పేరుకుంటే మెదడు వాస్తుంది. బిడ్డ చిరాకు పడుతుంది, నడక తూలుతుంది, తర్వాత మత్తు. ‘నీరసంగా ఉంది, పడుకోనివ్వండి’ అంటారు ఇంట్లో. తెల్లారేదాకా ఆగకండి. గ్లూకోజు నీళ్లు కూడా కడుపులో నిలవడం లేదంటే అప్పుడే బయల్దేరాలి. అన్నం, పప్పు, మామూలు పాలు ఆపినా ఆ ప్రత్యేక పాలపొడి ఆపొద్దు. ఆపినవి మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా డాక్టరునే అడగాలి, ఎక్కువ రోజులు ఆపినా ప్రమాదమే. ప్రొపియోనిక్ ఆసిడీమియా, యూరియా సైకిల్ లోపాలున్న పిల్లలకూ పస్తు ఇంతే ముప్పు. వాళ్ల రక్తంలో అమోనియా పెరుగుతుంది.

ఆసుపత్రికి చేరితే అక్కడ ఇంకో గండం. ఓపీ చీటీ, వరుస, ‘వాంతులేగా’ అని ఒక మామూలు సెలైన్ సీసా. అందులో ఉప్పునీళ్లే తప్ప శక్తి లేదు. ఈ పిల్లలకు సాధారణంగా కావలసింది తగిన లవణాలు కలిపిన పది శాతం గ్లూకోజు. అదీ పరీక్షల ఫలితాల కోసం ఆగకుండా. అమోనియా కోసం తీసిన రక్తాన్ని ఐసులో పెట్టి వెంటనే ల్యాబుకు పంపాలి, బల్ల మీద వదిలేస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఇవన్నీ చేతుల్లో పెట్టుకుని నడిపించేది డ్యూటీలో ఉన్న సిస్టర్. ఆ బిడ్డను వరుసలోంచి ముందుకు తీసుకెళ్లగలిగిందీ ఆమే.

కాబట్టి నర్సులకు ఒక మనవి. ‘మా బాబుకు మామూలు పాలు పడవు సిస్టర్, గ్లూకోజు ఎక్కించండి’ అని తల్లి అంటే ‘నువ్వేమన్నా డాక్టరువా’ అనకండి. ముక్కు గొట్టంలో పాలు పోయడానికి రాత్రుళ్లు అలారం పెట్టుకుని లేచే మనిషి ఆమె. ఆ బిడ్డ సంగతి ఆమెకు తెలిసినంతగా ఆ వార్డులో ఎవరికీ తెలియదు. ఇంట్లో సాయం ఎవరున్నారో అడగండి. ‘కోడలి వల్లే’ అనే అత్తగారు పక్కనే ఉంటే, ఈ లోపం చాలావరకు లోపమున్న జన్యువులు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి కలిస్తేనే వస్తుందనీ, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుందనీ ఆమెకే వివరించండి. మీరు చెబితే వింటారు.

మేనరికాలు ఇంకా జరుగుతున్న నేల మనది, కాబట్టి ఇలాంటి లోపాలకు అవకాశం ఎక్కువ. పుట్టినప్పుడు బాగానే ఉండి, రెండో మూడో రోజుకు పాలు మానేసి మత్తులోకి జారిన పసికందును ఇన్ఫెక్షన్ ఖాతాలో వేసేయడం సులువు. ముందు కాన్పులో బిడ్డ అలాగే పోయి ఉంటే దాచకుండా చెప్పండి. మడమ దగ్గర తీసే నాలుగు చుక్కల రక్తంతో ఇలాంటి జబ్బులు చాలా బయటపడతాయి. ఆ పరీక్ష ప్రతి ప్రసూతి వార్డులో జరగాలి.

2021లో అరుదైన వ్యాధుల జాతీయ విధానం వచ్చింది. గుర్తించిన కేంద్రాల ద్వారా 50 లక్షల రూపాయల దాకా సాయం ఉంది. హైదరాబాద్‌లో డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిసి అలాంటి కేంద్రంగా పనిచేస్తున్నాయి. మంచిదే. కానీ శ్రీకాకుళం నుంచి హైదరాబాద్‌కు ఒక రాత్రి ప్రయాణం. బిడ్డ మెదడు అంతసేపు ఆగదు. తొలి గంటల చికిత్స జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లోనే మొదలవ్వాలి. అక్కడి క్యాజువాలిటీ సిస్టర్లకు శిక్షణ ఈ వానాకాలంలోనే ఇవ్వాలి. ఏ ఊళ్లో ఇలాంటి బిడ్డ ఉందో ఏఎన్ఎం దగ్గర రాసి ఉండాలి.

తల్లిదండ్రులు ఈ వారమే చేయాల్సింది ఒకటుంది. జబ్బు పేరు, ఏ సీసా ఎక్కించాలి, ఏం ఆపాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి మీ స్పెషలిస్టు చేత ఒక్క కాగితం మీద రాయించి, ముద్ర వేయించుకోండి. ఫోన్‌లో ఫొటో ఉంచుకోండి, బడిలో టీచరుకు ఒక ప్రతి ఇవ్వండి. బిడ్డను అమ్మమ్మ ఇంటికి పంపితే బట్టల సంచిలో ఆ కాగితం కూడా పెట్టండి.