కడగని బొగ్గు.. మోసేదెవరు? విశాఖ తీరంలో తేలని లెక్క

విశాఖపట్నం: ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు కట్టే చోటుకి పక్కనే ఔటర్ హార్బర్. అక్కడ ఓడల్లోంచి విదేశీ బొగ్గు దిగుతుంది. నగరానికి అవతలి వైపు, పరవాడ దగ్గర ఉన్న ఎన్టీపీసీ సింహాద్రికి ఒడిశాలోని తాల్చేరు గనుల నుంచి రైళ్లలో బొగ్గు వస్తుంది. ఒకటి సముద్రం మీద, ఒకటి పట్టాల మీద. రెండింటి వెనకా ఉన్న సమస్య మాత్రం ఒక్కటే. మన బొగ్గులో బూడిద ఎక్కువ.

ఎంత ఎక్కువంటే, తాల్చేరు బొగ్గులో 40 శాతం దాకా. సుమారు 4,000 టన్నుల రేక్ ఒకటి వస్తే, అందులో 1,600 టన్నులు మండనిదే! గని దగ్గరే కడిగి 34 శాతానికి దించితే అది 1,360 టన్నులకు తగ్గుతుంది. సింహాద్రి సామర్థ్యం 2,000 మెగావాట్లు. యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల బొగ్గు వేసుకుంటే, పూర్తిగా నడిచిన రోజున ఎనిమిది రేక్‌లు కావాలి. అంటే రోజుకు 1,900 టన్నులకు పైగా బూడిద తేడా. దానికి రైలు చార్జీ కట్టాలి. బాయిలర్ ట్యూబులను అరగదీసేదీ అదే, చివరికి యాష్ పాండ్‌కి చేరేదీ అదే. వేసవి గాలికి లేచేది చుట్టుపక్కల ఊళ్ల మీదకే.

కడగడం పెద్ద మంత్రమేమీ కాదు. మాగ్నటైట్ పొడి కలిపిన బరువైన నీళ్లలో బొగ్గు వేస్తే మంచి బొగ్గు తేలుతుంది, రాయి మునుగుతుంది. చిక్కల్లా మన బొగ్గులో మట్టి లోపలి దాకా కలిసిపోయి ఉండటమే. ఎంత కడిగినా కొంత పోదు. రాయితో పాటు కాస్త బొగ్గూ పోతుంది. గంధకం విషయంలోనూ కడగడం వల్ల ఒరిగేది తక్కువే.

2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఓ నిబంధన పెట్టింది. గనికి దూరంగా ఉన్న ప్లాంట్లు, కడిగో, మేలు రకం కలిపో, 34 శాతం బూడిద దాటని బొగ్గే వాడాలి. 2016 జూన్ నాటికి 500 కిలోమీటర్లు దాటిన ప్లాంట్లన్నిటికీ ఇది వర్తించింది. తాల్చేరు నుంచి సింహాద్రికి రైలు దారి అంతకంటే ఎక్కువే. 2020 మేలో ఆ పరిమితిని ఎత్తేశారు. కడిగితే ఖర్చు పెరుగుతుంది, బూడిద మాయం కాదు, వాషరీ దగ్గర పోగవుతుంది.. ఇదీ కేంద్రం వాదన.

ఇందులో నిజం లేకపోలేదు. వాషరీ తిరస్కరించిన బొగ్గును మరెవరో కాల్చేస్తే లాభం సున్నా. కానీ గని గుంతలో మిగిలే రాయి వేరు, లక్షల జనం ఉన్న తీరానికి వచ్చి మెత్తటి పొడిగా మారే బూడిద వేరు. ఈ తేడాను ఆ వాదన పక్కన పెట్టేసింది.

ఓడ బొగ్గు కథ కూడా ఇక్కడికే వస్తుంది. ఉక్కుకు తక్కువ బూడిద ఉన్న కోకింగ్ కోల్ కావాలి. దేశీయ కోకింగ్ కోల్‌ను ఆ స్థాయికి కడిగే వాషరీలు చాలక ఆస్ట్రేలియా వైపు చూడాల్సి వస్తోంది. రేవు బొగ్గు పొడిపై పాత నగరం ఏళ్లుగా మొత్తుకుంటోంది. మత్స్యకారుల హార్బర్ ఆ బెర్తులకు ఇంకా దగ్గర.

ఇక డబ్బు సంగతి. బొగ్గు ధర, రైలు చార్జీ కలిసే ఇంధన ఖర్చు. అది డిస్కంల మీదుగా కరెంటు బిల్లులోకి వస్తుంది. కడిగితే టన్ను ధర పెరుగుతుందని చెప్పేవాళ్లు, కడగకపోతే రవాణాకు, మరమ్మతులకు, యాష్ పాండ్‌కు ఎంతవుతోందో అదే కాగితం మీద పక్కపక్కన చూపించాలి. గని దగ్గర, ప్లాంటు దగ్గర నమూనాలు తీసే పద్ధతి ఎలాగూ ఉంది. వచ్చిన ప్రతి రేక్‌లో బూడిద శాతం ఎంతో బయట పెట్టడానికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు.