పాఠానికీ దుక్కి కావాలి

మన సీమలో మెట్టరైతు వానకోసం ఆకాశంకేసి చూస్తూ ఊరికే కూర్చోడు. ఎండల్లోనే మడక కట్టి దున్ని, దిబ్బ ఎరువు తోలి చేను సిద్ధం చేసుకుంటాడు. పడే నాలుగు చినుకులూ వృథా పోగూడదని అతని తాపత్రయం. దుక్కి కొద్దీ పంట అని సామెత. తరగతిలో దొరికే గంట కూడా సీమ వానలాంటిదే. దానికి ముందు దుక్కి చేయని అధ్యాపకుడు, విద్యార్థులకు చదువు రాలేదని నిష్ఠూరమాడడం న్యాయం కాదు.

ఇది ఒకరికి నీతి చెప్పడానికి రాయడం లేదు. తప్పు చేసి నేర్చుకున్న మాట.

భూగర్భశాస్త్రం బోధించే కొత్తలో ఒకనాడు సున్నపురాయి పాఠానికి నా ఎమ్మెస్సీ నోట్సు పట్టుకొని వెళ్ళాను. నిర్వచనం, రసాయన సూత్రం, ఉదాహరణకు ఇంగ్లండు తీరంలోని డోవర్ సుద్దకొండలు... గబగబా డిక్టేషన్ చెప్పేశాను. బేతంచెర్ల దిక్కు నుంచి వచ్చే ఒక విద్యార్థి లేచాడు.

"సార్, మా నాయన బండల గనిలో పనిచేస్తాడు. ఆ బండ పలకలు పలకలుగా లేస్తాది గదా, అదెట్ల సార్?"

"అది సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. ఆ ఏడాదంతా మళ్ళీ లేవలేదు.

జవాబు నాకు తెలియక కాదు. ఒకప్పటి సముద్రం అడుగున సున్నపు బురద పొర మీద పొరగా పేరుకొని రాయి అయింది కాబట్టి, ఆ పొరల వెంట బండ చీలుతుంది. అంతే! కానీ ఎదుట కూర్చున్నవాళ్ళు ఎవరో, వాళ్ళకు ముందే ఏమి తెలుసో నేను ఆలోచించి రాలేదు. 1872లోనే విలియం కింగ్ అనే శాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలలపై పెద్ద గ్రంథం వెలువరించాడు. మన నాపరాయికి శాస్త్రంలో ఉన్న పేరు 'నార్జి సున్నపురాయి'. నార్జి కడప జిల్లాలోని ఊరు. అటువంటి చోట నిలబడి నేను డోవర్ కొండలు చెప్పాను!

మరుసటి ఏడు ఒక నాపరాయి ముక్క, కాస్త పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పట్టుకొని వెళ్ళాను. చుక్క పడగానే రాయి మీద నురగ పొంగింది. గదంతా ముందుకు వంగింది. గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువు కలిసిన నీరు కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలను ఎలా తొలిచిందో చెప్పడానికి ఆ నురగే దారి చూపింది. దీనికి నాకు పట్టిన తయారీ అరగంట. కానీ ప్రశ్న అడిగిన విద్యార్థి అప్పటికే కాలేజీ వదిలి వెళ్ళిపోయాడు.

బి.ఇడి. చదివే ప్రతి ఒక్కరూ పాఠ్యపథకం రాయవలసిందే. జర్మన్ తత్త్వవేత్త హెర్బార్ట్ శిష్యులు రూపొందించిన ఐదు సోపానాలలో మొదటిది 'సన్నాహం'. అంటే విద్యార్థికి తెలిసినదాన్ని తట్టి లేపి, తెలియనిదానికి బాట వేయడం. డిగ్రీ అధ్యాపకునికి మాత్రం పి.జి. పట్టా, నెట్, స్లెట్ వంటివి ఉంటే చాలు. బోధనలో శిక్షణ ఏదని ఎవరూ అడగరు. విషయం తెలిస్తే చెప్పడం దానంతటదే వస్తుందని మన నమ్మకం.

"ఇరవై ఏళ్ళుగా చెబుతున్న పాఠానికి మళ్ళీ తయారీ ఏంటికి?" అనేవారున్నారు. పాఠం పాతదే కావచ్చు, విద్యార్థి కొత్తవాడు. వీళ్ళకు ఏమి తెలుసు, ఎక్కడ తడబడతారు, చివర నేను ఏమి అడగాలి - ఈ మూడూ అరకాగితం మీద రాసుకుంటే చాలు. సెల్‌ఫోనులో సున్నపురాయిపై మంచి వీడియోలు దొరకవచ్చు. కానీ ఫలానా పిల్లవాని తండ్రి బండల గనిలో ఉన్నాడని వాటికి తెలియదు.

అయితే భారమంతా అధ్యాపకుని మీదే వేయడమూ తగదు. వరసగా నాలుగు పీరియడ్లు వేసి తయారై రమ్మనడం ఎట్లా? గంట లెక్కన డబ్బు పుచ్చుకునే అతిథి అధ్యాపకునికి, ఇంట్లో చదువుకున్న గంటకు కాణీ రాదు. టైంటేబుల్ వేసేవారు తయారీనీ పనిగా గుర్తించాలి.

విద్యార్థి మిత్రులారా, మీలో చాలామంది మీ ఇంట కాలేజీ మెట్లెక్కిన మొదటివారు. మీకు ఈ గంట తప్ప వేరే ట్యూషను లేదు. రేపటి పాఠం ఒక్క పేజీ చదివి రండి. ప్రశ్న అడగండి. "సిలబస్‌లో లేదు" అంటే నొచ్చుకొని కూర్చోవద్దు. మర్యాదగా మరునాడు మళ్ళీ అడగండి. ఆ రాత్రి మీ మాస్టారు తప్పక పుస్తకం తెరుస్తారు.