గాలొస్తోంది... కరెంటు తీసేస్తున్నాం!

గాలివాన మొదలైతే కరెంటు తీసేయడం మనకు అలవాటే. కాలిఫోర్నియాలో వాన చినుకు లేకపోయినా తీసేస్తారు. వేసవంతా ఎండిన గడ్డి, దానికి తోడు అక్టోబరులో కొండల మీంచి వీచే పొడిగాలి. తీగ తెగి ఒక్క నిప్పురవ్వ రాలితే అడవితోపాటు ఊళ్లూ పోతాయి.

పోయాయి కూడా. 2018 నవంబరు 8న ప్యారడైజ్ అనే ఊరు బూడిదైంది. ఆ మంటల్లో 85 మంది చనిపోయారు. కారణమేమిటనుకున్నారు? కరెంటు టవర్‌కి తీగను పట్టి ఉంచే ఇనుప కొక్కెం అరిగి విరిగిపోవడం. దాని వయసు దాదాపు వందేళ్లు! పీజీ అండ్ ఈ కంపెనీ 2020లో కోర్టులో నేరం ఒప్పుకుంది.

అంతకుముందే, 2019 అక్టోబరులో అదే కంపెనీ ముందుజాగ్రత్తంటూ లక్షల ఇళ్లకు కరెంటు ఆపేసింది. గాలి తగ్గగానే స్విచ్ వేస్తే సరిపోదా? సరిపోదు. తీగల వెంట నడిచో, హెలికాప్టర్లో తిరిగో, ఎక్కడా కొమ్మ పడలేదని చూశాకే ఇవ్వాలి. ఈలోగా ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఏం కావాలి? ఆక్సిజన్ మిషన్ మీదున్న పెద్దాయన గతేమిటి? సెల్‌టవర్లూ మూగబోతే ‘మంటలొస్తున్నాయి, వెళ్లిపోండి’ అనే కబురు అందేదెలా? ఆపడం తప్పనలేం. కానీ కొక్కెం మార్చాల్సింది కంపెనీ, చీకట్లో కూర్చున్నది వీళ్లు.

పదివేల మైళ్ల తీగల్ని భూమిలోకి దించుతామని 2021లో ఆ కంపెనీ ప్రకటించింది. ఇప్పట్లో తేలే పని కాదు. మీ అమ్మాయో అబ్బాయో అక్కడ కొండవార ఇల్లు కొంటున్నామంటే, కరెంటు సంగతి కూడా అడగండి.