ఇంటి కబుర్లు: పట్టా వకీలుది, పని బొమ్మలది

మీ పిల్లల నోటు పుస్తకాల చివరి పేజీలు ఎప్పుడైనా తిరగేశారా? లెక్కల మాస్టారి మీసాలు, పక్క బెంచీ పిల్ల జడ, క్లాసులో కునికిపాట్లు పడేవాడి తెరిచిన నోరు, అన్నీ అక్కడే ఉంటాయి. ఇక్కడ సత్తెనపల్లిలో మా వీధి చివర ఉండే ఒకావిడ కూతురు ఇంటర్ చదువుతోంది. ఫిజిక్సు రికార్డు వెనకాల ఇంటిల్లిపాదినీ గీసేసింది. నాన్న పొట్టతో సహా! ఆయన చూసి రికార్డు విసిరికొట్టాడట. "మిరప్పంట మీద అప్పు తెచ్చి ఫీజు కడుతుంటే నువ్వు చదివేది ఇదా?" అన్నాడట. ఆ మాటలోనూ న్యాయం లేకపోలేదు. పిల్ల మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. తల్లి నా దగ్గరికొచ్చి, "అక్కా, బొమ్మలు గీసుకుని ఎవరైనా బతికారా?" అని అడిగింది.

బతికారమ్మా. ఎలా బతికారో చెబుతాను. పొయ్యి మీద పప్పు ఉంటే మంట తగ్గించి వచ్చి కూర్చోండి.

బాపు పేరు వినని తెలుగిల్లు ఉండదు. సత్తిరాజు లక్ష్మీనారాయణ అంటే మాత్రం "ఎవరాయన?" అంటాం. ఇద్దరూ ఒకరే. 1933 డిసెంబరు 15న నరసాపురంలో పుట్టారు. చదువంతా మద్రాసులో. అక్కడే బడిలో ముళ్ళపూడి వెంకటరమణతో స్నేహం కుదిరింది. రేడియో అన్నయ్య న్యాపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు 1945లో 'బాల' అని పిల్లల పత్రిక పెట్టారు కదా, ఈ ఇద్దరి పేర్లూ చిన్నతనంలోనే అందులో కనిపించాయి. ఒకరు రాయడం, ఒకరు గీయడం. 2011లో రమణగారు పోయేదాకా ఆ జత విడిపోలేదు.

ఇప్పుడు అసలు సంగతి వినండి. బాపుగారు కాలేజీ ఎగ్గొట్టి బొమ్మలేసినవారు కాదు. బీకాం అయ్యాక మద్రాసు యూనివర్సిటీలో లా చదివి పట్టా పుచ్చుకున్నారు. అదే 1955లో నల్లకోటు వేసుకోకుండా 'ఆంధ్రపత్రిక'లో కార్టూనిస్టుగా చేరారు. అప్పటికి ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు. ఇంట్లో ఏమనుకుని ఉంటారో మీరే ఊహించుకోండి! ఇంకో తమాషా ఏమిటంటే, తెలుగులో మొట్టమొదటి కార్టూనిస్టుగా అందరూ చెప్పుకునే తలిశెట్టి రామారావుగారు కూడా వకీలే. ఆయన 1906 మే 20న జయపురంలో పుట్టారు. 'భారతి'లో వ్యంగ్య చిత్రాలు వేశారు. ఆయన పుట్టినరోజునే మన కార్టూనిస్టులు తమ పండగ చేసుకుంటారు. వకీళ్ళకీ కార్టూన్లకీ ఏమిటో ఈ బంధం!

అన్నట్టు, ఆ 'ఆంధ్రపత్రిక' పెట్టింది ఎవరో తెలుసా? తలనొప్పి వస్తే మన అమ్మమ్మలు నుదుటికి రాసుకున్న అమృతాంజనం కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే.

ఆ రోజుల్లో పత్రికలో బొమ్మ రావడం ఇప్పటిలా కాదు. ఆర్టిస్టు ఇండియన్ ఇంకుతో గీసిస్తే, దాన్ని ఫోటో తీసి, జింకు రేకు మీద యాసిడ్‌తో చెక్కి బ్లాకు చేసేవారు. ఆ బ్లాకుని సీసపు అక్షరాల పక్కన బిగించి అచ్చు కొట్టేవారు. చవక కాగితం మీద సన్నని గీతలు అతుక్కుపోయేవి, నీడలు మసిగుడ్డలా తేలేవి. కాబట్టి ఒకే ఒక గీతలో విషయం తేలిపోవాలి. బాపు గీత అంత శుభ్రంగా ఉండటానికి ఆయన చెయ్యి ఎంత కారణమో, ఆ అచ్చు కష్టం కూడా కొంత కారణమని నాకనిపిస్తుంది. ముగ్గేసేవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. పిండి చేతిలోంచి ఒక ధారగా పడాలి, మధ్యలో ఆగితే ముగ్గు చెడుతుంది. బొమ్మ కింద మాటలు కూడా ఆయన చేతి రాతే. ఆ రాతనే తర్వాత కంప్యూటరు అక్షరాలుగా తయారుచేశారు. ఇవాళ శుభలేఖల మీద కనిపిస్తోంది.

1956లో ఆంధ్రపత్రిక వీక్లీలో 'బుడుగు' మొదలైంది. అమెరికాలో 1951 నుంచి హాంక్ కెచమ్ అనే ఆయన 'డెన్నిస్' అనే అల్లరి పిల్లవాడి బొమ్మలు పేపర్లకి వేస్తుండేవారు. ఆయన భార్య ఒకరోజు విసుగెత్తి "నీ కొడుకు పీడ" అన్నదట, ఆ మాటలోంచే ఆ పిల్లవాడు పుట్టాడు. తల్లుల విసుగు ఎక్కడికీ పోదన్నమాట! మన బుడుగుని ఆ పిల్లాడితో పోలుస్తుంటారు గానీ నేను ఒప్పుకోను. డెన్నిస్‌ని మనం బయటినుంచి చూస్తాం. బుడుగు తనే మాట్లాడతాడు, రమణగారి రాతలో. బామ్మ, అమ్మ రాధ, నాన్న గోపాళం, బాబాయి, సీగానపెసూనాంబ, ఒకరి తర్వాత ఒకరు మారే ప్రైవేటు మాస్టార్లు, అందరినీ వాడి ఎత్తునుంచి చూస్తాం. ఆ ఎత్తు చూపించింది మాత్రం బాపు బొమ్మ.

పక్కింటి లావుపాటి పిన్నిగారినీ, ఆవిడ 'ముగుడి'నీ మరిచిపోలేదులెండి. అక్కడే నాకు చిన్న పేచీ ఉంది. బాపు బొమ్మ అంటే పెద్ద కళ్ళు, వాలుజడ, సన్నని నడుము. కార్టూను దగ్గరికొచ్చేసరికి లావుపాటి భార్య, బక్కపలచని భర్త, చేతిలో అప్పడాల కర్ర. ఇది బాపుగారొక్కరే చేసింది కాదు. ముప్ఫై నలభయ్యేళ్ళు పత్రికలన్నీ మన మీదే నవ్వించాయి. మనమూ నవ్వాం, కాదనను. అప్పడాల కర్రతో నేను జీవితంలో అప్పడాలు, పూరీలు తప్ప ఇంకేమీ చెయ్యలేదు, మీ సంగతేమిటో! కానీ ఆ లావుపాటి ఇల్లాలు పొద్దున అయిదింటికి లేచిందని ఏ కార్టూనూ చెప్పదు.

అందుకే రాగతి పండరిగారి పేరు ఆ పిల్లకి ముందు చెప్పమన్నాను. 1965లో పుట్టిన ఈ విశాఖపట్నం అమ్మాయిని చిన్నప్పుడే పోలియో కుంగదీసింది. ఎనిమిదేళ్ళ వయసు నుంచీ కార్టూన్లు గీశారు. జయదేవ్‌గారిని గురువుగా భావించారు. తెలుగులో తొలి మహిళా కార్టూనిస్టు ఆవిడే. ఇంట్లోనే కూర్చుని వేల కార్టూన్లు పత్రికలకి పంపించారు. మొగుడూ పెళ్ళాల జోకులు ఆవిడా వేశారు, కానీ వంటింటి గుమ్మం ఇవతలి నుంచి చూసి వేశారు. 'నా గురించి నేను' అని తన కథ తనే రాసుకున్నారు. 2015 ఫిబ్రవరిలో వెళ్ళిపోయారు.

మరి డబ్బు మాటేమిటి? ఆ నాన్నగారి ప్రశ్న అదే కదా. దాచకుండా చెప్పాలి. బాపుగారు కూడా పత్రిక ఒక్కదాన్ని నమ్ముకోలేదు. యాడ్ ఏజెన్సీల్లో పనిచేశారు, కథలకీ కవర్లకీ లెక్కలేనన్ని బొమ్మలేశారు. 1967లో 'సాక్షి'తో సినిమా దర్శకులయ్యారు. తీయబోయే సినిమాని ముందు షాటు షాటుగా బొమ్మల వరసలో గీసుకునేవారు. అంటే 'ముత్యాల ముగ్గు', 'పెళ్ళి పుస్తకం' మనం తెరమీద చూడకముందే ఆయన కాగితం మీద చూసేశారు. పద్మశ్రీ వచ్చింది 2013లో. 2014 ఆగస్టు 31న మద్రాసులోనే కన్నుమూశారు.

ఇవాళ పత్రికల్లో కార్టూనిస్టు ఉద్యోగాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. కాబట్టి ఇంటర్ మానెయ్యమని నేను చెప్పలేదు, చెప్పను. రికార్డు రికార్డులాగే ఉండాలి, బొమ్మలకి వేరే తెల్లకాగితాల పుస్తకం ఉండాలి అన్నాను. అది నాన్న చేతే కొనిపించమన్నాను. బస్టాండు దాకా ఇద్దరూ కలిసి నడిస్తే దారిలో ఏదో ఒక మాట పడుతుంది.

ఇంకో పని మీకందరికీ. వీక్లీల్లోంచి సీరియల్ పేజీలు చింపి, సూదీ దారంతో కుట్టి, అట్టలేసి బైండు చేసుకున్న అత్తలూ అమ్మమ్మలూ మీ ఇళ్ళల్లో ఉండే ఉంటారు. అటక మీద ఆ బైండు పుస్తకాలుంటే పాతకాగితాలవాడికి వెయ్యకండి. ఆ పేజీల మూలల్లో బాపు వేసిన చిన్న చిన్న బొమ్మలు ఎన్నో ఉంటాయి. దుమ్ము మెత్తని గుడ్డతో తుడవండి, తడి తగలనివ్వకండి. కాసేపు నీడలో ఆరబెట్టి, బాగా ఎండిన వేపాకు పలచని గుడ్డలో మూటకట్టి పుస్తకాల పక్కన పెట్టండి. పచ్చి ఆకు మాత్రం పెట్టొద్దు, మరక పడుతుంది.