చదవని కాగితం మీద సంతకం

సభ లేని వారం కనుక ఖరగ్‌పూర్ వెళ్ళివచ్చాను. మా మేనబావ అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నివాసం ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని రైల్వే క్వార్టరు. ఉద్యోగం ఉన్నంతవరకే ఆ నీడ. పదవీ విరమణకు మూడేళ్ళే మిగలడంతో, కుమారుణ్ణి కూడా రుణగ్రహీతగా చేర్చి, ఊళ్ళో చిన్న ఇల్లొకటి కొనడానికి సిద్ధపడ్డాడు. రైల్వేవారి పరిభాషలో 'సెటిల్‌మెంట్' అంటే పదవీ విరమణనాటి లెక్కల పరిష్కారం. ఆ లెక్క తేలకముందే ఈ లెక్క తేలాలని ఆయన ఆరాటం.

బ్యాంకు ఇచ్చిన కాగితాల కట్ట నా ముందు పెట్టి, "పెన్సిలు గుర్తున్న చోటల్లా సంతకం పెట్టమన్నారు బావా! సగం పెట్టేశాను" అన్నాడు. ఇంగ్లీషు సాహిత్యంలో పట్టా పుచ్చుకుని, పాతికేళ్ళుగా బిల్లుల ముసాయిదాలు చదువుతున్న నాకే అందులో కొన్ని క్లాజులు రెండేసిసార్లు చదివితే గాని బోధపడలేదు. వడ్డీరేటు గడి ఖాళీ. తేదీ ఖాళీ. బీమా ప్రీమియం మాత్రం అచ్చయి ఉన్నది! చివరి పేజీలో ఒక ప్రకటన: ఈ పత్రంలోని విషయాలన్నీ నా భాషలో నాకు వివరించారు, నేను గ్రహించాను అని. ఆ ప్రకటన ఇంగ్లీషులో ఉన్నది. దాని కింద బావ తెలుగు సంతకం ఉన్నది. వివరించినవారెవరని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 15న ఒక సర్క్యులర్ జారీ చేసింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే గృహరుణాలన్నిటికీ 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అనే ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలి. రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, వివరించి చెప్పాలి, ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు గడువుండాలి. వడ్డీతోపాటు తక్కిన రుసుములన్నీ కలిపిన వార్షిక భారం అందులో కనిపించాలి. అందులో చూపని రుసుమును రుణగ్రహీత స్పష్టమైన సమ్మతి లేకుండా వసూలు చేయరాదు. ఇంత మంచి నిబంధనను 'గ్రహించాను' అన్న ఒక్క సంతకం నీరుగార్చగలదు. రేపు వివాదం వస్తే న్యాయస్థానం ముందుకు వచ్చేది ఆ కాగితమే గాని బావ నవ్వు కాదు.

పేర్ల చిక్కు వేరు. మన ఇంటిపేరు ముందుంటుంది, బెంగాలీలది చివర. సర్వీసు రికార్డులో పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, పాన్ కార్డులో చివరగా, ఒకే మనిషి ముగ్గురైనాడు. రిజిస్ట్రేషన్‌కు ముందే సరిదిద్దుకోకపోతే అప్పు తీరిన తర్వాత కూడా ఈ పేచీ తలెత్తవచ్చు. అప్పు తీరిన 30 రోజులలో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలనీ, తమవల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలనీ రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. కాని ఏయే దస్తావేజులు అప్పగించాడో ఆ జాబితా మీద రసీదు లేనివాడు ఏమని అడుగుతాడు?

బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు వి.వి. గిరి నాయకత్వం వహించిన నాటినుంచీ ఖరగ్‌పూర్ తెలుగువారి ఊరు కూడా. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది. హోదా మాట అలా ఉంచి, అక్కడ ఎందరు రుణగ్రహీతలకు ముఖ్యాంశాల పత్రం తెలుగులో అందిందని మన సభ్యుడొకరు ఆర్థికమంత్రిని ప్రశ్నించరాదా? ఇంతకన్న అల్ప విషయాలకు ప్రశ్నోత్తరాల సమయం వెచ్చించడం గ్యాలరీ నుంచి అనేకసార్లు చూశాను.

బావ మిగిలిన సంతకాలు ఆపాడు. ఖాళీ గడులు పూరించి, తెలుగు పత్రం ఇస్తేనే తక్కినవి పెడతానని తెలుగులోనే అర్జీ రాశాడు. ఇల్లు అమ్మే ఆసామీ మాత్రం పదిరోజులకు మించి ఆగనంటున్నాడట.