ముగ్గుల పోటీ కమిటీ చాలు, లేఅవుట్ కమిటీలో కూర్చుందాం

మన కాలనీల్లో వెల్ఫేర్ అసోసియేషన్ అనగానే ఆడవాళ్ళకి ఒక కమిటీ రాసిపెట్టి ఉంటుంది. దాని పేరు సాంస్కృతిక కమిటీ. సంక్రాంతికి ముగ్గుల పోటీ, వినాయక చవితికి ప్రసాదాలు, బతుకమ్మకి మైకు మాట్లాడటం, వీటన్నిటికీ ఇంటింటికీ తిరిగి చందాలు వసూలు చేయడం. ఇవి తక్కువ పనులని నేనను. అయిదు వందలు ఇవ్వడానికి అయిదుసార్లు తిప్పించుకునే గుమ్మం ముందు నవ్వుతూ నిలబడటం ఎంత కష్టమో మీకూ తెలుసు. నా గొడవల్లా ఒకటే. చందాలకి పనికొచ్చిన మనం, కాలనీ నేల సంగతి చూసే కమిటీకి ఎందుకు పనికిరాకుండా పోయాం?

మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఔటర్ రింగు రోడ్డుకి అటూ ఇటూ ఉన్న మన కాలనీలు ఒకప్పుడు ద్రాక్షతోటలు, మొక్కజొన్న చేలు, చెరువు కింది పొలాలు. ఇక్కడ అసోసియేషన్‌కి వీధిలైట్లు, నీళ్ళ ట్యాంకర్లకంటే పెద్ద పని ఉంది. లేఅవుట్ కాగితంలో పార్కు అని చూపించిన జాగా నేల మీద అంతే ఉందా? నాలా మీద ఎవరైనా గోడ లేపారా? కుంట పక్కన కొత్తగా పడిన మట్టిరోడ్డు ఎక్కడిదాకా పోతోంది? ఇవి చూడాల్సిన కమిటీలో తీరా కూర్చునేది ఎవరయ్యా అంటే, సగం చోట్ల ప్లాట్లు కొని అమ్మేవాళ్ళు, కమీషన్ మీద బేరాలు కుదిర్చేవాళ్ళు. అందరూ చెడ్డవాళ్ళని కాదు. వాళ్ళకి సర్వే నెంబర్లు తెలుసు, ఆఫీసుల్లో మనుషులు తెలుసు, అందుకే జనం కూర్చోబెడతారు. కానీ మూల ప్లాటు అమ్మిపెడితే లాభం వచ్చే మనిషిని, ఆ మూల ప్లాటు పార్కులోదా కాదా అని ఎలా అడుగుతాం? కాలనీలో ప్లాట్ల బేరాలు చేసేవాళ్ళు లేఅవుట్ కమిటీలో ఉండకూడదని బైలాలో ఒక్క వాక్యం రాయడానికి ఇన్నేళ్ళుగా ఎవరికీ చేయి రాలేదు.

మగవాళ్ళు పొద్దున ఎనిమిదింటికి వెళ్తే రాత్రి ఎనిమిదింటికి వస్తారు. పగలంతా కాలనీలో ఉండేది మనం. మధ్యాహ్నం రెండింటికి టిప్పర్ వచ్చి కుంటలో మట్టి పోస్తుంటే డాబా మీద వడియాలు తిరగేస్తూ చూసేది మనం. చూసినవాళ్ళకి సంతకం పెట్టే కుర్చీ లేదు, కుర్చీలో ఉన్నవాళ్ళు చూడలేదు.

పోయిన జనరల్ బాడీలో పార్కు సంగతి ఎత్తితే, ఒకాయన చాలా మర్యాదగా, "మేడమ్, గవన్నీ టెక్నికల్ ముచ్చట్లు, మీకెందుకు పరేషానీ" అన్నారు. టెక్నికల్ అంటే ఏమిటో చూద్దామని ముగ్గురం కూర్చుని చదివాం. పదో తరగతి పిల్లల లెక్కలకంటే కష్టమేమీ లేదు. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలి. అంతకంటే చిన్న కుంటకి 9 మీటర్లు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్ళు నిలిచే హద్దు. ఎండాకాలం పగుళ్ళిచ్చిన నేల చూపించి "చెరువెక్కడుందమ్మా" అనేవాడికి చెప్పాల్సిన జవాబు ఈ ఒక్క మాటలో ఉంది. ఇందులో ఆడవాళ్ళ బుర్రకి అందనిదేముంది?

డబ్బు సంగతికి రండి. 2020 ఆగస్టులో జీవో 131తో ఎల్ఆర్ఎస్ పెట్టారు. వెయ్యి రూపాయలు కట్టి మనందరం దరఖాస్తు చేశాం. 2025 మార్చిలోపు కడితే పాతిక శాతం రాయితీ అంటే ఆఖరి వారంలో పరుగులు పెట్టాం. ఆ లెక్కలో ఒక పద్దు ఉంటుంది, ఎంతమంది చూశారో. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ జాగా వదలకపోతే, ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీలు. అంటే పార్కు ఎగ్గొట్టి ఆ జాగా కూడా ప్లాట్లు చేసి అమ్ముకున్నవాడు వెళ్ళిపోయాడు, లేని పార్కుకి డబ్బు మనం కట్టాం. ఆ డబ్బు ఏ బీరువాలోంచి వచ్చిందో నేను చెప్పక్కర్లేదు. మా వీధిలో రెండిళ్ళలో చిట్టీ పాడారు, ఒకింట్లో గాజులు బ్యాంకుకెళ్ళాయి. పిల్లలు మాత్రం ఇప్పటికీ రోడ్డు మీదే, కార్లకి తప్పుకుంటూ ఆడుతున్నారు.

2024 జులైలో హైడ్రా వచ్చాక టీవీలో చూసిన దృశ్యాలు మీకు గుర్తుండే ఉంటాయి. జేసీబీ ముందు గిన్నెలు, గ్యాస్ సిలిండర్, పిల్లల పుస్తకాల సంచులు బయటికి మోసుకొస్తున్నది ఎవరు? చెరువు చెరువుగా ఉండాలనేదాంట్లో నాకు రెండో మాట లేదు. కొనే రోజున ఈ నేల చెరువులోదా అని అడిగే అవకాశం ఆ ఇల్లాలికి ఎవరైనా ఇచ్చారా అన్నదే నా ప్రశ్న.

పంచాయతీల్లో సగం సీట్లు మనవి. 2019 మున్సిపాలిటీల చట్టం వార్డుకి నాలుగు కమిటీలు వేయమంది, అందులో ఒకటి మహిళలది. గెలిచిన సర్పంచమ్మ ఇంట్లో ఉంటే భర్త కుర్చీలో కూర్చునే వేషాలు మనకి తెలియనివి కావు, అయినా కాగితం మీదైనా హక్కుంది. వెల్ఫేర్ అసోసియేషన్‌లో అదీ లేదు. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేసుకున్న చాలా అసోసియేషన్ల బైలాల్లో, ప్లాటు ఎవరి పేరున ఉంటే వాళ్ళే సభ్యులు. ఆయన పేరున ఉంటే మీకు ఓటు లేదు. సరే, మీ పేరునే ఉందనుకోండి. "మా లక్ష్మి పేరున కొన్నాను" అని పదిమందిలో చెప్పుకున్న మనిషే మీటింగుకి వెళ్తాడు, మీ పేరు పక్కన తన సంతకం పెట్టి వస్తాడు. మా ఆయనా మినహాయింపేం కాదు, ఈ వాక్యం చదివి నవ్వారు కూడా.

"మాకు టైమెక్కడిది వదినా" అనే మాట న్యాయమైనదే. అత్తగారి మందులు, పిల్లల ట్యూషన్లు, మధ్యలో ట్యాంకర్ వాడి ఫోన్. కానీ వినాయకుడి తొమ్మిది రోజులకీ మనం ఇచ్చే గంటలు లెక్కేస్తే, లేఅవుట్ కమిటీకి ఏడాదికి సరిపడా టైము అక్కడే దొరుకుతుంది. పులిహోర ఒక్కరోజు మగవాళ్ళు కలిపితే దేవుడేమీ అనుకోడు. "గొడవలు మనకెందుకు" అనే రెండో మాట మాత్రం ఒప్పుకోను. ట్యాంకర్ ఆలస్యమైతే గేటు దగ్గర మనం వేసే గొడవ ఈ కాలనీలో ఏ మగాడూ వేయలేడు.

మా ముగ్గురం చేసిన పని పెద్దదేం కాదు. సమాచార హక్కు కింద పది రూపాయలతో లేఅవుట్ నకలు అడిగాం, ముప్ఫై రోజుల్లో ఇవ్వాలి, కాస్త ఆలస్యంగా ఇచ్చారు. టేపు పట్టుకుని పార్కు కొలిచాం. తూర్పు వైపు ఆరడుగులు తక్కువ, అక్కడ ఎవరిదో షెడ్డు. ఫొటోలు, నకలు పట్టుకుని సోమవారం ప్రజావాణికి వెళ్ళాం. కలెక్టరేట్ మన శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలోనే ఉంది కాబట్టి పిల్లలు బడి నుంచి వచ్చేలోపు తిరిగొచ్చాం. షెడ్డు ఇంకా ఉంది. కానీ దాని పక్కన పోసిన ఇసుక, కంకర వారంలో మాయమయ్యాయి.

2025 డిసెంబరులో మేడ్చల్, తూంకుంటతో సహా 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లని జీహెచ్‌ఎంసీలో కలిపేశారు. చిన్న మున్సిపాలిటీ ఉన్నప్పుడే మన అర్జీ ఏ టేబుల్ మీద ఉందో తెలిసేది కాదు. ఇక ముందు పార్కు హద్దురాయి కదిలితే మొదట చూడాల్సింది, అడగాల్సింది కాలనీ అసోసియేషనే.

అందుకే మా కాలనీలో రెండు సవరణలు అడిగాం. ప్లాటు ఎవరి పేరున ఉన్నా భార్యాభర్తలిద్దరికీ సభ్యత్వం, లేఅవుట్ కమిటీలో సగం మంది ఆడవాళ్ళు. బైలా మార్చాలంటే జనరల్ బాడీలో తీర్మానం కావాలి, ముందు అజెండాలో రావాలి. ఇరవై ముగ్గురం సంతకాలు పెట్టి సెక్రటరీ గారి చేతికిచ్చి, అందినట్టు రసీదు రాయించుకున్నాం. ఆయన "చూద్దామమ్మా" అన్నారు. అజెండా నోటీసు బోర్డు మీద అంటించేది శుక్రవారం.